కత్తిని చూడకుండానే తప్పు నాదంటే ఎలా?

మూడు వారాలుగా ఒక కత్తి గురించి నాలో నేనే మథనపడుతున్నాను. ఈరోజు మొత్తం రాసేస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

పోయిన దసరాకు ముందు హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక షాపులో 3,850 రూపాయలు పెట్టి వంటింటి కత్తి కొన్నాను. మా ఇంట్లో కత్తికి అంత డబ్బు పెట్టడం అదే మొదటిసారి. డబ్బా మీద 'తయారీ లోపాలకు లైఫ్‌టైమ్ వారంటీ' అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ మాట నమ్మే కొన్నాను.

ఒక ఆదివారం పొద్దున సానరాయి మీద నూరి, కడిగి, గుడ్డతో తుడుస్తుంటే కత్తి మీద వెంట్రుక అంటుకున్నట్టు కనిపించింది. మళ్లీ తుడిచాను, పోలేదు. గోటితో గీకితే గోరు అక్కడ ఆగింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుని చూశాను. అంచుకు వేలెడు పైన, కత్తి పొడుగు వైపే సాగిన గీత, రెండు సెంటీమీటర్లు ఉంటుంది. దాని చివర ఆవగింజలో సగం కూడా లేని గుంట. ముందు రోజు పచ్చడికి నిమ్మకాయలు కోసిన పులుసు అందులో నిలిచిందేమో, ఆ గుంట నల్లబడి ఉంది.

మా వీధిలో కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. ఆయనకు చూపిస్తే కాసేపు తిప్పి తిప్పి చూసి, "గ్యాస్‌నూనె ఉన్నదా బిడ్డా?" అన్నారు. పాత సీసా అడుగున మిగిలిన కిరోసిన్ తెచ్చిచ్చాను. దూదితో కత్తికంతా పట్టించి, ఒక పావుగంట ఉంచి, పొడి గుడ్డతో శుభ్రంగా తుడిచారు. పైన సుద్దముక్క పొడి రుద్దారు. చూస్తుండగానే తెల్లటి పొడి మీద సన్నటి తడి గీత లేచింది, సరిగ్గా నేను చూసిన చోటే. "గిది పై గీత గాదు బిడ్డా, లోపలికి ఉన్నది" అన్నారు. పగులులోకి దిగిన నూనె గుడ్డకు అందదు, పొడి దాన్ని బయటికి పీలుస్తుంది. వెనకటి రోజుల్లో రైల్వే వర్క్‌షాపుల్లో ఇనుప భాగాల పగుళ్లు ఇట్లాగే పట్టేవాళ్లు. ఇప్పుడు అదే పనికి ఎర్ర రంగు ద్రవం, తెల్ల పొడి స్ప్రే వాడుతున్నారు.

ఉక్కు కరిగించేటప్పుడు అందులో చిట్టెం (లోహం కాని మలినం) కణం మిగిలిపోతే, రేకుగా సాగదీసినప్పుడు అది కూడా సన్నటి గీతలా సాగుతుంది. ఇంకో రకం పగులు ఉంటుంది. స్టెయిన్‌లెస్ కత్తిని గట్టిపరచడానికి సుమారు 1,000 డిగ్రీలకు పైన వేడిచేసి ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ పనిలో తేడా వస్తే నెర్రె పడుతుంది. ఈ రెండూ ఫ్యాక్టరీలో జరిగేవే. వాడేవాళ్ల తప్పులు మామూలుగా అంచు దగ్గర మొదలవుతాయి. మాంసంలో బొక్కలు (ఎముకలు) కొడితే అంచు పెచ్చు లేస్తుంది, కొబ్బరికాయ మీద కొడితే అంచు వంగుతుంది, గిరగిర తిరిగే సానచక్రానికి ఎక్కువసేపు ఆనిస్తే వేడికి రంగు మారి మెత్తబడుతుంది. నా కత్తికి అంచు మీద ఒక్క గాటు లేదు.

ఫోటోలు, బిల్లు, సుద్దపొడి వీడియో అన్నీ కంపెనీకి పంపాను. అరగంట తిరగకముందే జవాబు వచ్చింది: "సరిగా వాడకపోవడం వల్ల వచ్చిన నష్టం, వారంటీ వర్తించదు." షాపు ఆయనను అడిగితే, "మా చేతుల్లో ఏం లేదు మేడం, కంపెనీతోనే మాట్లాడుకోండి" అన్నాడు.

నాకు బాధ ఇక్కడే. అది కచ్చితంగా తయారీ లోపమేనని నేను అనడం లేదు, నేనేమీ ఇంజినీరును కాదు. తెప్పించుకుని చూడండి, పరీక్ష చేయండి అంటున్నాను. పరీక్షలో నా తప్పే అని తేలితే ఒప్పుకుంటాను. చేత్తో ముట్టుకోకుండా, భూతద్దం కింద పెట్టకుండా నాది తప్పని రాయడానికి మీకు హక్కు ఎక్కడిది? ఇదేమన్నా పిడి రంగు పోయిన సంగతా? గుమ్మడికాయ మీద బలంగా నొక్కినప్పుడు ఆ గీత దగ్గర కత్తి విరిగితే ముక్క ఎటు ఎగురుతుందో ఎవరికి తెలుసు? నేను కూరగాయలు కోస్తుంటే మా పాప పక్కనే నిలబడి కీరదోస ముక్కల కోసం చెయ్యి చాపుతుంది.

ఉక్కును పరీక్ష చేసి తీసుకోవడం మన దగ్గర కొత్త కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో ఉక్కు తీసేవాళ్లు, దాని కోసం పర్షియా నుంచి వ్యాపారులు వచ్చేవాళ్లు. 19వ శతాబ్దం మొదట్లో ఆ పని కళ్లారా చూసిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ, పర్షియా వ్యాపారి దగ్గరుండి పాళ్లు తూకం వేయించి, ఉక్కు గట్టిదనం పరీక్షించి చూసుకునేవాడని రాశాడు. అప్పటి కొనుగోలుదారుకు దొరికిన ఆ మాత్రం అవకాశం నాకెందుకు లేదు?

ఇట్లాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని ఇదీ చెప్తున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా సరే. వకీలు తప్పనిసరి కాదు. 5 లక్షల లోపు కొన్న వస్తువైతే ఫిర్యాదుకు ఫీజు లేదు. రెండేళ్ల లోపు వెయ్యాలి. లోపం పరీక్ష చేస్తే తప్ప తేలదనుకుంటే కమిషన్ వస్తువును సీల్ చేసి ల్యాబ్‌కు పంపిస్తుంది, రిపోర్టుకు 45 రోజుల గడువు ఉంటుంది. ల్యాబ్ ఖర్చు మాత్రం ముందు మనమే కట్టాలి. అంతకంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, నేను చేశాను. ఇంకొక మాట, గీత కనిపించాక దాన్ని నూరి పోగొట్టాలని చూడకండి, ఉన్న సాక్ష్యం అదే.

నిన్న కంపెనీకి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపాను. వస్తువును చూసి, పరీక్ష చేసి, ఏం తేలిందో రాతపూర్వకంగా చెప్పమని అడిగాను, పదిహేను రోజులు గడువిచ్చాను. కత్తిని అట్టముక్కల మధ్య పెట్టి, టేపు చుట్టి, పాపకు అందకుండా బీరువా పైన పెట్టాను. అప్పటిదాకా మా అత్తమ్మ పాత కత్తిపీటే వాడుతున్నాను.