దుంగలు పోయినా చోటు మిగిలింది

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం, కోల్స్ కౌంటీలో లెర్నా అనే చిన్న ఊరి దాపున ఒక దుంగల ఇల్లు ఉంది. రెండే గదులు. వాటి నడుమ ఒకే పొగగొట్టం, దానికి అటూ ఇటూ చెరో పొయ్యి. చెక్కిన దుంగల సందుల్లో మట్టి మెత్తారు. అబ్రహాం లింకన్ తండ్రి థామస్, సవతి తల్లి శారా కాపురమున్న చోటు ఇది. 1845 నాటికి ఈ రెండు గదుల్లోనే 18 మంది దాకా తలదాచుకునేవారు.

లింకన్ మాత్రం ఇక్కడ ఎన్నడూ కాపురం లేరు. అప్పటికే ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వకీలు. తండ్రితో అంతగా పొసగేది కాదు. అయినా 1841లో తండ్రి దగ్గర 40 ఎకరాలు 200 డాలర్లకు కొని, బతికినన్నాళ్లూ తల్లిదండ్రులే అనుభవించేలా రాయించారు. 1851లో తండ్రి పోతే అంత్యక్రియలకు రాని కొడుకు, 1861 జనవరి చలిలో, అధ్యక్ష పదవి చేపట్టేందుకు వాషింగ్టన్ వెళ్లే ముందు, పనిగట్టుకుని ఈ ప్రాంతానికి వచ్చారు. శారాను చూడటానికి! తనకు చదువు రాకపోయినా, పసివాడి చదువుకు తండ్రి అడ్డు చెప్పకుండా చూసుకున్న తల్లి ఆమె. ఆ తల్లీకొడుకులకు అదే కడసారి చూపు.

ఇంత చరిత్ర ఉన్న ఇంటిని కాపాడుకోవడం చేతకాలేదు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శన కోసమని దుంగలన్నీ ఊడదీసి తరలించారు. అవి మళ్లీ తిరిగి రాలేదు. నేడు మనం చూస్తున్నది 1930లలో నిరుద్యోగ యువకులకు ఉపాధి కోసం పెట్టిన ప్రభుత్వ దళం పాత ఫొటోల ఆధారంగా, పాత చోటనే తిరిగి కట్టిన ఇల్లు. ఆ సంగతి అక్కడ దాచడం లేదు. అందుకే ఆ నకలును మేం గౌరవిస్తాం.

కెంటకీలోని హాడ్జెన్‌విల్ కథ వేరు. 1809లో లింకన్ పుట్టిన పొలంలో పాలరాతి, గ్రానైటు మందిరం కట్టారు. 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ శంకుస్థాపన చేశారు. ఎక్కడానికి 56 మెట్లు, ఆయన బతికిన ఏళ్లెన్నో అన్ని. లోపల ఊళ్లూ ప్రదర్శనలూ తిరిగొచ్చిన దుంగలతో నిలబెట్టిన గుడిసె. మందిరంలో పట్టడానికి దాన్ని కొంత కురచ చేశారు కూడా. ఎంతోమంది సామాన్యులు చిన్న చిన్న విరాళాలిచ్చింది ఆయన పుట్టిన గుడిసె ఇదేనన్న నమ్మకంతోనే. 2004లో చెట్టు వలయాలు లెక్కకడితే ఆ దుంగల్లో అతి పాతది 1848 నాటిదని తేలింది. అప్పటికి లింకన్‌కు 39 ఏళ్లు. ఇప్పుడు జాతీయ పార్కుల శాఖ దాన్ని ప్రతీకాత్మక గుడిసె అనే పిలుస్తోంది. ఆలస్యమైనా ఆ నిజాయతీ మెచ్చదగ్గదే. కానీ ఆ మాట తొలి మెట్టు దగ్గరే చెప్పాలి, పైకెక్కాక కాదు.

పేదల ఇల్లు కావడం వల్లే ఇలాంటివి ముందుగా పోతాయి. మేడలకు ఉండే పునాది రాళ్లు దుంగలకు ఉండవు. అందుకే ఇల్లు నిలిచి ఉన్నప్పుడే, నిలిచిన చోటే కాపాడాలి. ప్రదర్శన పేరిట ఒక్క దుంగను కదిలించినా అది కుటుంబ చరిత్రను పెకలించడమే. ఖజానా కుంచించుకుపోయినప్పుడు ముందుగా ఇలాంటి చోట్ల నిధులకే కోత పెట్టే అలవాటును ప్రభుత్వాలు మానుకోవాలి.

షికాగో చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాలు పిల్లలతో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లింకన్ ఇల్లు చూడబోతే, కోల్స్ కౌంటీకీ ఒక పూట కేటాయించాలని కోరుతున్నాం. ఆ పొయ్యి ముందు కాసేపు నిలబడి, దగ్గర్లోని షైలో శ్మశానానికీ వెళ్లాలి. కొడుకు హత్య తర్వాత నాలుగేళ్లు బతికి 1869లో కన్నుమూసిన శారా, భర్త పక్కన అక్కడే ఉన్నారు.