మొదటిసారి దొరికినోళ్ల సంగతేంది?

పెళ్లిళ్ల సీజన్‌లో వరంగల్ చౌరస్తా బట్టల షాపుల్లో ఇది మామూలే. కౌంటర్ మీద చీరలన్నీ తీయించి, సేల్స్ అమ్మాయి అటు తిరగంగనే ఒకటి సంచిలో వేస్తరు, సీసీ కెమెరాకు దొరుకుతరు, ఓనర్ నాలుగు తిట్టి ఫొటో తీసి వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల పెట్టి పంపిస్తడు. కేసు లేదు, కోర్టు లేదు. వీళ్లు మారుతరా అని ఓనర్లను అడిగితే మాత్రం "వీళ్లు మారరు సార్" అంటరు.

మారుతరో లేదో చెప్పేటందుకు మన దగ్గర లెక్క ఏదీ? దేశంలో నేరాల లెక్కలు రాసే ఎన్‌సీఆర్‌బీ రిపోర్టులో షాపు దొంగతనానికి వేరే పద్దే లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లో శిక్ష పడ్డోళ్లు మళ్లీ తప్పు చేస్తరా అని ఏడాది పాటు చూస్తరు, ఆ టైంలో చేసిన తప్పుకు తీర్పు వచ్చేటందుకు ఇంకో ఆరు నెలలు ఆగుతరు. అట్ల చూస్తే మళ్లీ దొరికేటోళ్లలో దొంగతనం కేసులోళ్లే ముందున్నరు, మత్తుకు అలవాటు పడి చేసేటోళ్లు అందులో చాలామందే.

గుంపుగా వచ్చి పట్టుచీరలు లేపుకపోయే ముఠాల గురించి కాదు మేం చెప్పేది, వాళ్ల లెక్క వేరు. మొదటిసారి చేసినోళ్ల కోసం 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 303(2) సెక్షన్ ఉంది: సొత్తు విలువ 5 వేల లోపు ఉండి, అది తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవ. అదే రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడాది కఠిన జైలు. అంటే మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఏం చేస్తమన్నదే అసలు ముచ్చట.

కానీ సరుకు దాచే బిల్డింగులో దొంగతనం అని స్టేషన్‌లో అదే చట్టంలోని 305 సెక్షన్ రాస్తే ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు, సమాజ సేవ మాటే ఉండదు. చీర ఒకటే, తోపుడు బండి మీద తీస్తే ఒక సెక్షన్, షాపులో తీస్తే ఇంకో సెక్షన్! అట్లాంటప్పుడు 1958 ప్రొబేషన్ చట్టం మూడో సెక్షన్ కింద మందలించి వదిలే అధికారం కోర్టుకు ఉంది, లాయర్లు అది గట్టిగా అడగాలె.

సమాజ సేవ అంటే చీపురు చేతికిచ్చి ఫొటో దిగుడు కాదు. ఎంజీఎం ఆసుపత్రిలో పేషెంట్లకు సాయం చేసే పనో, భద్రకాళి చెరువు కట్ట మీద పనో కోర్టు అప్పజెప్పి, ప్రొబేషన్ ఆఫీసర్ వారం వారం చూసేటట్టు ఉండాలె, మందు అలవాటు ఉంటే డీ అడిక్షన్‌కు పంపాలె. వరంగల్ పోలీసు కమిషనరేట్ కూడా షాపు దొంగతనాలకు వేరే కాలమ్ పెట్టి, శిక్ష పడ్డోళ్లలో ఏడాది లోపల ఎంతమంది మళ్లీ దొరికిన్రో రాసుడు ఈ ఏడే మొదలువెట్టాలె.