ఎల్లుండికో క్రియాపదం

వంటింటి కుళాయి కారడం మొదలై పదకొండు రోజులు. అందులో ఆరు ప్లంబర్‌వి, అయిదు నావి. అతను "రేపొస్తా సార్" అంటాడు, నేను "సరే, ఎల్లుండి చూద్దాం" అంటాను. కింద పెట్టిన బకెట్ నిండినప్పుడల్లా మా ఆవిడ దాన్ని చప్పుడయ్యేలా పారబోస్తుంది. ఆ చప్పుడు నా కోసమే.

పన్నెండో రోజు ఇంగ్లీషు నిఘంటువులో నన్ను కాపాడే మాట కనిపించింది. పెరెండినేట్! లాటిన్‌లో 'క్రాస్' అంటే రేపు. పనిని రేపటికి తోసెయ్యడమనే ప్రొక్రాస్టినేట్ పుట్టింది దాన్నుంచే. అది ఊరందరికీ ఉన్న మామూలు బద్ధకం. 'పెరెండియే' అంటే ఎల్లుండి. పనిని ఏకంగా ఎల్లుండికి తోసెయ్యడం పెరెండినేట్. ఒళ్లు పులకరించింది. ఇంగ్లీషువాళ్లకి ఎల్లుండి అనడానికి వాడుకలో ఒక్క మాట లేదు, రేపటి తర్వాతి రోజు అని సాగదీస్తారు. అలాంటివాళ్లు దానికి వాయిదా వెయ్యడానికి మాత్రం క్రియ దాచుకున్నారు! మనకేమో ఎల్లుండి ఉంది, ఆవలెల్లుండి ఉంది, క్రియే లేదు. కిరాణా కొట్లో 'అరువు రేపు' బోర్డు, దెయ్యాన్ని కూడా తిప్పి పంపిన 'ఓ స్త్రీ రేపు రా' గోడలు, అన్నీ రేపు దగ్గరే ఆగిపోయాయి.

"ఏమోయ్, నాది బద్ధకం కాదు, పెరెండినేషన్!"

"ఏదో ఒకటి. ముందు బకెట్ ఎత్తండి."

"ఇంకో అర్థం కూడా ఉంది, విను. పూర్వం ఇంగ్లండ్ కాలేజీల్లో బసకి దిగినవాడు ఎంతకీ కదలకపోతే, దాన్నీ ఇదే మాటతో అనేవాళ్లట."

హాల్లో పేపరు కిందికి దిగింది. రెండు రోజులుండి పోతానని వచ్చి పదిహేను రోజులైన మా బావమరిది.

"నన్నేనా బావా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఇలాంటప్పుడు గరిటె మోగడమే మేలు. లాటిన్‌ని అడ్డం పెట్టుకుని ఏదో సర్దిచెప్పబోయానో లేదో, కుళాయి పైభాగం టప్పున ఊడింది. నీళ్లు సీలింగుకి తగిలి, అక్కణ్ణుంచి నా మీదకీ నిఘంటువు మీదకీ పడ్డాయి. నేను రెండు చేతులతో కుళాయిని నొక్కి పట్టుకుని ప్లంబర్‌కి ఫోన్ చెయ్యమని అరుస్తున్నాను.

బావమరిది డాబా మీదకి పరుగెత్తి వాల్వ్ కట్టేశాడు. సందు చివర హార్డ్‌వేర్ షాపుకెళ్లి కొత్త కుళాయి తెచ్చి, టేపు చుట్టి, పావుగంటలో బిగించేశాడు.

మా ఆవిడ వాడికి తువ్వాలు ఇచ్చింది. నాకు తుడుపుగుడ్డ ఇచ్చింది.

"ఇంకో పదిరోజులుండి వెళ్లరా," అంది.

"అబ్బే, ఎల్లుండి వెళ్లిపోతాలే అక్కా."