ట్యూన్ కట్టినవాడు బతికే ఉన్నాడట, పాపం

జానపద ట్యూన్లు పోగేసే పిచ్చి ఉన్న మా అందరి తరఫున ఒక సీరియస్ విషయం మాట్లాడాలి. ఈ మధ్య ట్యూన్లు కట్టినవాళ్ళు బతికే ఉంటున్నారు. ఒకరో ఇద్దరో అయితే సర్దుకుపోవచ్చు, కానీ ఇప్పుడు ఎవర్ని కదిపినా ఫోన్‌లో రికార్డ్ చేసి "నిన్న కట్టిన జానపద ట్యూన్ అండి, మీ కలెక్షన్‌లో పెట్టుకోండి" అని పంపించేస్తున్నారు. నిన్నంట! తడి ఆరని గోడ మీద పురాతన కట్టడం అని బోర్డు తగిలించినట్టుంది.

మొన్న ఒకబ్బాయి ఇలాగే పంపాడు. ఎనిమిది బార్లు (తాళం ఆవర్తనాలు అనుకోండి) మొదటి భాగం, ఇంకో ఎనిమిది రెండోది, రెండూ రెండేసి సార్లు, అంతా పద్ధతిగానే ఉంది. వింటుంటే కళ్ళు చెమర్చాయి, ఎన్ని తరాల వాళ్ళు ఏ కష్టంలో పాడుకున్నారో అనుకుంటూ "ఏ ముసలాయన దగ్గర దొరికింది బాబూ" అని అడిగా. "ఎవరూ లేరండీ, ఆదివారం బస్సులో వస్తుంటే తట్టింది" అన్నాడు. కళ్ళు అక్కడికక్కడే ఆరిపోయాయి. మళ్ళీ విన్నా, ఈసారి రెండో భాగం తేలిపోయినట్టు చాలా స్పష్టంగా తెలిసింది.

నాది చాదస్తం అనుకోకండి, దీనికి రూల్ ఉంది. అంతర్జాతీయ జానపద సంగీత మండలి 1954లో కూర్చుని జానపద సంగీతం అంటే ఏంటో తేల్చేసింది. ఒక మనిషి కట్టిందైనా పర్లేదు, కానీ జనం నోళ్ళలో పడి నలగాలి, మారాలి, కట్టింది కట్టినట్టే ఎత్తుకెళ్ళి మార్చకుండా వాయించుకుంటే మాత్రం అది జానపదం కాదు. తెలుగులో చెప్పాలంటే, కొంతమంది తప్పు వాయించాలి. ఇప్పుడా వీలెక్కడిది? కట్టినవాడే శుభ్రంగా వీడియో తీసి పెడతాడు, స్వరాలు రాసిన నొటేషన్ కూడా ఇస్తాడు, స్పీడ్ తగ్గించుకునే సదుపాయం ఎలాగూ ఉంది, దాంతో ప్రపంచం మొత్తం ఒక్క స్వరం పొల్లుపోకుండా ఒకేలా వాయిస్తోంది. మతిమరుపూ చెముడూ కలిసి వందల ఏళ్ళు కష్టపడి కట్టిన సంప్రదాయం మన కళ్ళ ముందే పోతోంది.

పాతకాలంలో ట్యూన్లు పోగేసినవాళ్ళకి ఈ గొడవ లేదు. ఫ్రాన్సిస్ ఓ'నీల్ అని, షికాగో పోలీస్ చీఫ్, 1903లో 1,850 ఐరిష్ ట్యూన్లతో పుస్తకం వేశాడు. ఆయనకి నొటేషన్ రాయడం రాదు, వాయిస్తుంటే ఇంటిపేరు కలిసిన ఇంకో పోలీసాయన రాసిపెట్టేవాడు. అయినా "ఈ ట్యూన్ నీకెక్కడిది" అని పోలీసు అడిగితే నేనే కట్టానని ఎవడు ఒప్పుకుంటాడు, ఎవరో ఇచ్చారనే చెప్తాడు కదా. మేము అడిగితే మాత్రం వెంటనే ఒప్పేసుకుంటున్నారు.

ఇంకో ఇబ్బంది ఏబీసీ నొటేషన్‌తో. ట్యూన్లు పంచుకునేవాళ్ళకి తెలిసిందే, క్రిస్ వాల్షా 1990ల్లో బయటపెట్టిన పద్ధతి, స్వరాల్ని మామూలు కీబోర్డు అక్షరాలతో కొట్టి పంపించేయొచ్చు. పైన టీ అనే అక్షరం దగ్గర ట్యూన్ పేరు, ఎమ్ దగ్గర తాళం, కె దగ్గర శ్రుతి, అంతా బాగానే ఉంది, కానీ సి అని ఒకటి పెట్టాడు, కట్టినవాడి పేరుకి. ఆ గడిని చూస్తే మాలో చాలామందికి చెయ్యి వణుకుతుంది, అందుకే కళ్ళు మూసుకుని 'ట్రెడిషనల్' అని కొట్టేస్తాం. కాపీరైట్ గొడవ అంటారా, చాలా దేశాల్లో మనిషి పోయాక కూడా 70 ఏళ్ళు ఉంటుంది, అన్నేళ్ళు ఆగే ఓపిక మాకుందా?

అలా పొరబడినంత మాత్రాన ట్యూన్‌కి నష్టమేం లేదు, పైగా లాభం. జే ఉంగర్ 1982లో 'అశోకన్ ఫేర్‌వెల్' కట్టాడు, 1990లో అమెరికా అంతర్యుద్ధం మీద వచ్చిన టీవీ డాక్యుమెంటరీలో వాడారు, ఇక చూసినవాళ్ళు చాలామంది అది 1860ల నాటి సైనికుల పాట అనే అనుకున్నారు. ఎనిమిదేళ్ళ ట్యూన్‌కి నూట ముప్ఫై ఏళ్ళ గౌరవం! ఆయన మాత్రం నేనే కట్టానని చెప్పుకుంటూనే ఉన్నాడు, కాస్త ఊరుకుంటే ఏం పోయేది. టర్లా ఒకారలన్ అని ఐర్లాండ్ హార్ప్ విద్వాంసుడు ఇంకా ఘోరం, 1738లో మనిషి పోయాడు గానీ ట్యూన్ల మీద పేరు ఇంకా పోలేదు.

అందుకని ఆ బస్సబ్బాయి ట్యూన్ బాధ్యత నేనే తీసుకున్నా. ఫ్యాన్ కింద కూర్చుని నేనే వాయించి, కాస్త గరగర వచ్చేలా రికార్డ్ చేశా. రెండో భాగంలో నా వేలు జారి ఒక బారు ఎగిరిపోయింది, జనం చెయ్యాల్సిన పని ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా అని అలాగే వదిలేశా. సి దగ్గర ట్రెడిషనల్, ఎస్ దగ్గర, అంటే ఎవరి దగ్గర దొరికింది అనే చోట, 'ఒక ముసలాయన పాడగా విన్నది' అని రాసి పంచేశా.

రెండు వారాల్లో ఎంతమంది వాయించారో! ఆ బారు లేకపోవడంలోనే ప్రాచీన లయ ఉందని ఒకాయన పెద్ద వివరణ రాశాడు. ఆ అబ్బాయి నుంచి కూడా మెసేజ్ వచ్చింది, గొడవకే వచ్చాడనుకుని భయపడుతూ తెరిచా. "సార్, నా ట్యూన్‌కి పాత రూపం ఒకటి ఉందని తెలీదు, చిన్నప్పుడు ఎక్కడో విని మర్చిపోయి ఉంటా, అదే నాదనుకున్నా, సారీ. మీ వెర్షనే బావుంది, ఇకమీదట అదే వాయిస్తా. ఆ ముసలాయన అడ్రస్ ఇస్తే వెళ్ళి కాళ్ళకి దండం పెట్టుకుంటా" అని ఉంది.

ఆయన పోయాడని చెప్పా. ట్యూన్‌కి అదే మంచిది.