రైలు వైకుంఠపాళి

విద్యావ్యవస్థ అంటే నాకు అపారమైన గౌరవం. ఆ గౌరవంతోనే మొన్న ఆదివారం రాత్రి పొద్దుపోయాక, తెరిచి ఉన్న ఫ్యాన్సీ షాపు కోసం అమలాపురమంతా బండి మీద తిరిగాను. థర్మాకోలు కావాలి, ఫెవికాల్ కావాలి, పట్టాలు వేయడానికి నల్ల టేపు కావాలి. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి గ్రూపు ప్రాజెక్టు ఇచ్చారు. భారతీయ రైల్వేల చరిత్ర మీద ఐదుగురు కలిసి ఒక ఆట తయారుచేయాలట. ఆడుతూ పాడుతూ నేర్చుకుంటారట.

గ్రూపు ప్రాజెక్టు అంటే మీకు చెప్పేదేముంది. పిల్లలు ఐదుగురు, వాట్సాప్ గ్రూపు ఒకటి, పనిచేసే తల్లి ఒకతె. ఆ ఒకతె మా ఇంట్లో ఉంటుంది. మిగతా నలుగురు తల్లులూ "సూపర్ వదినా" అని పూలగుత్తి బొమ్మలు పెడుతుంటారు. ఒక తండ్రి బుల్లెట్ రైలు ఫొటో పంపి తన బాధ్యత తీర్చుకున్నాడు. ఒక కుర్రాడి వంతు పాచిక తేవడం. తెచ్చాడు పాపం. చుక్కలు అరిగిపోయి, మూడుకీ ఐదుకీ తేడా తెలియడం లేదు.

ఆట వైకుంఠపాళే, పాముల బదులు ఎర్ర సిగ్నళ్లు. మొదటి గడి 1853 ఏప్రిల్ 16, బోరీబందర్ నుంచి ఠాణాకి 34 కిలోమీటర్లు. ఆ బండి లాగిన ఇంజన్లు సాహిబ్, సింధ్, సుల్తాన్ అని మా పిల్ల నిద్రలో లేపినా చెబుతుంది. మన కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్టకు రాయి తోలడానికి అంతకు ముందే పట్టాలు వేయించాడు, ఆనకట్ట 1852కే పూర్తయింది కూడా. ఆ ముక్క ఏ గడిలోనూ లేదు. పైగా ఆయనకు రైళ్లంటే పెద్దగా పడేది కాదు. దేశానికి కాలువలూ పడవలూ మేలని వాదించాడు. ఆయన మాటను మా కోనసీమలో రైల్వేవారు ఇప్పటికీ భక్తిశ్రద్ధలతో పాటిస్తున్నారు.

రాజమండ్రి దగ్గర గోదావరి మీది 1900 నాటి హావ్‌లాక్ వంతెన గడిలో పెద్ద నిచ్చెన వేశారు. 1997లో ఆ వంతెన మీద రైళ్లు ఆపేశారు కదే అంటే, "చార్టు మీద గట్టిగానే ఉంది నాన్నా" అంది.

తయారైన ఆటను ఒకసారి ఆడి చూడాలని మా అమ్మకు తప్ప ఎవరికీ తోచలేదు. అష్టాచెమ్మాలో ఆవిడకు ఎదురు లేదు. నా చొక్కా గుండీ ఒకటి ఊడితే దాన్ని కాయ చేసుకుని కూర్చుంది. నాలుగు పడింది. గుండీ వెళ్లి, గోదావరి ఒడ్డున పట్టాలు ఆగిపోయే మా కోటిపల్లి గడిలో ఆగింది. ఈ గడి పుస్తకంలోది కాదు, మా పిల్ల సొంత కవిత్వం. గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: 'వంతెన అయ్యేదాకా ఇక్కడే ఆగవలెను.'

"ఎన్ని పందేలు ఆగాలే?"

"వంతెన అయ్యేదాకా నానమ్మా."

"ఎంత పడితే అవుద్ది?"

"అది రాయలేదు."

ఆరు పడింది, చెల్లదంది. మళ్లీ ఆరు పడింది, అదీ చెల్లదంది. నేను ఢిల్లీ చేరిపోయాను. మా ఆవిడ కత్తెర చేత్తోనే ఆడి ఢిల్లీ చేరిపోయింది. అమ్మ లేచి వెళ్లి బీపీ బిళ్ల వేసుకుని వచ్చింది. ఇంకా కోటిపల్లే. చివరికి విసుగొచ్చి, "రైలు కోసం ఎవరాగుతారే, రేవులో పంటెక్కి ముక్తేశ్వరం పోతాను" అంటూ గుండీని చార్టు మీద జరిపేసింది.

"ఇది రైలాట నానమ్మా, పంటు చెల్లదు" అని మా పిల్ల దాన్ని వెనక్కి లాగింది.

బహుమతి బ్యాటరీ లైటు వెలిగే బుల్లెట్ రైలు చేసినవాళ్లకు వచ్చింది. మా చార్టు మీద ఎర్ర ఇంకుతో ఒక సలహా వచ్చింది: 'ప్రతి ఆటగాడూ గమ్యం చేరేలా నియమాలు ఉండాలి.'

టీచరమ్మగారూ, ఆ ముక్క రాయాల్సింది మా పిల్ల చార్టు మీద కాదండి! కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో వేసిన పట్టాలను 1940లో యుద్ధానికని ఊడబీక్కుపోయారు. ఎవరి యుద్ధం అది? ఆ 45 కిలోమీటర్లు మళ్లీ వేసి రైలు నడపడానికి 2004 దాకా పట్టింది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం వెళ్లే 57 కిలోమీటర్లు 2000-01లో మంజూరయ్యాయి. అప్పుడు లోక్‌సభ స్పీకరు మా ఎంపీ బాలయోగిగారే. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. గోదావరి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ దాటాలి, కష్టమే, తెలుసు. మరి 1900లో రాజమండ్రి దగ్గర దాటింది పిల్లకాలువనా? నీళ్లలో స్తంభాలు లేపి కొంగలకు అప్పగించారు. రాత్రి రైలుకు వెళ్లాలంటే ముసలీముతకా అరవై కిలోమీటర్ల పైన బస్సులో కుదుపులు తిని రాజమండ్రి చేరాలి. ప్రతి ఎన్నికలకీ పాచిక మాత్రం మా చేతిలో పెడతారు. ఎంత పడినా చెల్లదు!

చార్టు ఇప్పుడు బీరువా మీద ఉంది. మొన్న చొక్కాకు కుట్టించుకుందామని గుండీ కోసం దించి చూశాను. ఊడి రాలేదు. అక్కడ ఎవరో ఆగి ఉన్నట్టు టీచరుకు తెలియాలని మా పిల్ల దాన్ని ఫెవికాల్‌తో అంటించేసిందట.