మేరియన్ బ్యారీ పోరాటం వేషమా?

వాషింగ్టన్ డీసీ మాజీ మేయర్ మేరియన్ బ్యారీ గురించి ఒక మాట ఎప్పుడూ షేర్ అవుతూనే ఉంటుంది: "డ్రగ్స్ తీసుకుంటూ దొరికి జైలుకెళ్ళాడు. పౌర హక్కుల పోరాటం ఓట్ల కోసం కట్టిన వేషం. అలాంటివాణ్ణి మళ్ళీ గెలిపించిన నల్లజాతి ఓటర్లకు బుద్ధి లేదు." ఇందులో మొదటి వాక్యం నిజం. మిగతా రెండూ అబద్ధాలు.

ముందు వేషం సంగతి. 1960 ఫిబ్రవరిలో నాష్‌విల్‌లో, తెల్లవాళ్ళకే వడ్డించే లంచ్ కౌంటర్ల దగ్గర నల్లజాతి విద్యార్థులు వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళలో బ్యారీ ఒకడు. మిసిసిపీలో పేద కుటుంబంలో పుట్టి, ఫిస్క్ యూనివర్సిటీలో కెమిస్ట్రీ పీజీ చేస్తున్న కుర్రాడు. కూర్చున్నవాళ్ళను స్టూళ్ళ మీంచి ఈడ్చి కొట్టారు, ఒంటిమీద సిగరెట్లు ఆర్పారు. పోలీసులు వచ్చి, కొట్టినవాళ్ళను వదిలేసి దెబ్బలు తిన్నవాళ్ళను పట్టుకెళ్ళారు. ఆ ఏప్రిల్‌లో పుట్టిన ఎస్‌ఎన్‌సీసీ అనే పౌర హక్కుల విద్యార్థి సంఘానికి తొలి ఛైర్మన్ బ్యారీయే. అప్పటికి డీసీలో ఎన్నికైన మేయర్ అనే పదవే లేదు, నియమిత కమిషనర్లు నగరాన్ని నడిపేవారు. మేయర్ ఎన్నిక 1974లో గానీ జరగలేదు. లేని కుర్చీ కోసం పద్నాలుగేళ్ళ ముందే ఎవరైనా ఒళ్ళు హూనం చేసుకుంటారా?

డీసీకి వచ్చాక 1966లో బస్సు ఛార్జీ 20 సెంట్ల నుంచి 25కి పెంచబోతే, బస్సులెక్కొద్దని జనాన్ని కూడగట్టాడు. పెంపు ఆగింది. ఐదు సెంట్లేగా అనిపించొచ్చు. రోజుకూలీకి వెళ్ళి వచ్చేవాళ్ళకు అది నెల తిరిగేసరికి పెద్ద మొత్తమే.

ఓటర్లను తిట్టడం నాకు మరీ కష్టంగా ఉంటుంది. 1990 జనవరిలో, మేయర్‌గా ఉండగానే, బ్యారీ విస్టా హోటల్‌లో డ్రగ్స్ తీసుకుంటూ ఎఫ్‌బీఐ వీడియోకి చిక్కాడు. ఆ ఏడాది నవంబర్‌లోనే నగర కౌన్సిల్‌కి పోటీ చేస్తే జనం ఓడించారు. ఈ సంగతి షేర్ చేసేవాళ్ళు ఎప్పుడూ చెప్పరు. ఆరు నెలల శిక్ష అనుభవించి వచ్చాక, 1992లో అనకోస్టియా నది అవతలి ఎనిమిదో వార్డు అతణ్ణి గెలిపించింది. నగరం పట్టించుకోని పేదల వార్డు అది. 1994లో మళ్ళీ మేయర్‌గా గెలిచాడు. 1979లో అతను మొదలుపెట్టిన వేసవి ఉద్యోగాల పథకంలోనే ఎంతోమంది పిల్లలు తొలి జీతం అందుకున్నారు. వాళ్ళ ఇళ్ళవాళ్ళు దాన్ని మర్చిపోలేదు. అది బుద్ధి లేకపోవడం ఎలా అవుతుంది?

అయితే దీన్ని అడ్డం పెట్టుకుని "హక్కుల కోసం పోరాడాడు, తప్పులు వదిలేయండి" అనేవాళ్ళున్నారు. అదీ కుదరదు. నాష్‌విల్‌లో జాతి వివక్షకు ఎదురు నిలిచిన మనిషే 2012లో తన వార్డులోని ఆసియావాళ్ళ దుకాణాలు మురికివి, వాళ్ళు పోవాలి అన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు, కానీ ఆ మాట అన్నది అన్నదే. అతని డిప్యూటీ మేయర్‌గా చేసిన ఇవాన్‌హో డొనాల్డ్‌సన్ కూడా ఎస్‌ఎన్‌సీసీ మనిషే. ప్రజల సొమ్ము కాజేసి జైలుకెళ్ళాడు.

అన్నిటికన్నా క్షమించలేనిది క్రాక్, అంటే పొగగా పీల్చే కొకైన్. ఎఫ్‌బీఐ వల పన్నింది నిజమే, పొగ పీల్చింది మాత్రం బ్యారీయే. 1989లో, 1990లో డీసీలో ఏటా 400 మందికి పైగా హత్యకు గురయ్యారు. వాటిలో చాలా వాటి వెనక క్రాక్ వ్యాపారముంది. వేసవి జీతాలు అందుకున్న పిల్లల వీధుల్లోనే ఆ సరుకు అమ్ముడైంది. ఆ నగరానికి మేయరై ఉండి అదే సరుకు ముట్టుకోవడాన్ని సొంత బలహీనత అని సర్దిచెబితే నేను ఒప్పుకోను.