పాట అయిపోయేది కాబట్టే ఎవరో ఒకరు లేచేవారు

ఈ మధ్య పాతకాలం ఇంటి పార్టీల మీద పోస్టులు బాగా తిరుగుతున్నాయి. ఒక క్యాసెట్టు బొమ్మ, రంగు వెలిసిన ఫొటో ఒకటి, కింద "ఆ రోజుల్లో అంతా ఎంత తేలిగ్గా ఉండేదో" అని ఒక ముక్క. ఆ ముక్క చదివినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. తేలిగ్గా ఏమీ ఉండేది కాదు. 1970లు, 80లలో పదిహేను మందిని ఇంటికి పిలిచి నాలుగు గంటలు సరదాగా గడవాలంటే, ఒక్క పాటల కోసమే ముందు రెండు మూడు సాయంత్రాలు కూర్చోవాలి. వచ్చినవాళ్ళకి ఆ చాకిరీ కనబడేది కాదు, అంతే.

ఇంకో సంగతి ఎవరూ రాయడం లేదు. అప్పటి వస్తువు ప్రతిదానికీ ఒక చివర ఉండేది. ఎల్పీ రికార్డు ఒక వైపు ఇరవై, పాతిక నిమిషాలు. సీ-90 క్యాసెట్టు వైపుకి 45 నిమిషాలు. 1965లో వచ్చిన సూపర్ 8 సినిమా రీలు 15 మీటర్లు, సెకనుకి 18 ఫ్రేముల లెక్కన 3 నిమిషాల 20 సెకన్లు. అయిపోగానే ఎవరో ఒకరు లేవాలి. లేచినవాళ్ళు ఊరికే తిప్పి రారు, గది మొత్తం ఒకసారి చూస్తారు. మూల ఎవరైనా ఒంటరిగా కూర్చున్నారా, మాటలు జోరుగా ఉన్నాయా, ఇప్పుడు హుషారు పాట వేయాలా, మెల్లటిది వేయాలా అని. ఇప్పుడు ఫోనులో ప్లేలిస్టు పెడితే తెల్లారినా ఆగదు. ఆగదు కాబట్టి ఎవరూ లేవరు, కాసేపటికి ఎవరూ వినరు కూడా. మధ్యలో ఆ ఫోనుకే కాల్ వస్తే గదంతా రింగు మోగుతుంది.

రికార్డుల మీది పాటలు ఎక్కించి పార్టీ క్యాసెట్టు ఎలా తయారుచేసేవారో తెలిస్తే నా బాధ అర్థమవుతుంది. ముందు కాగితం, పెన్సిలు. వైపుకి 45 నిమిషాలంటే 2,700 సెకన్లు. నాలుగు నిమిషాల పాటలు పదకొండు పడితే 2,640, మధ్యలో మూడేసి సెకన్ల ఖాళీలు పదికి 30, మొత్తం 2,670. మిగిలేది అర నిమిషం. ఆ లెక్క వేసుకోకుండా పన్నెండోది ఎక్కిస్తే, అందరూ గొంతు కలిపి పాడుతున్న చోట టక్కుమని తెగిపోతుంది. టేపు మొదట్లో అయిదారు సెకన్ల పాటు వచ్చే ముక్క మీద గోధుమరంగు పూత ఉండదు. అక్కడ ఏదీ రికార్డు కాదు. క్యాసెట్టు చక్రంలో పెన్సిలు దూర్చి ఆ ముక్క దాటేదాకా చుట్టి, అప్పుడు మొదలుపెట్టాలి. లేకపోతే మొదటి పాట ఎత్తుగడ పోతుంది.

తర్వాత సౌండు. ఒక్కో రికార్డు ఒక్కో గట్టితనంలో ఉంటుంది కాబట్టి ప్రతి పాటలోనూ అన్నిటికంటే గట్టిగా వినిపించే చోటు ముందు వెతికి, అక్కడ మీటరు ముల్లు 0 దగ్గర ఆడేలా, కాస్త దాటినా పరవాలేదన్నట్టు సర్దుకోవాలి. తక్కువ పెడితే పాట వెనక బుస్సుమనే చప్పుడు. ఎక్కువ పెడితే గొంతు బొంగురు. తొందరపడి అన్నిటికీ ఒకే చోట పెట్టి వదిలేస్తే పార్టీలో ప్రతి పాటకీ లేచి సౌండు పెంచుతూ, తగ్గిస్తూ ఉండాలి. రికార్డు, ప్లే, పాజు మూడూ నొక్కి ఉంచి, పాట మొదలయ్యే క్షణానికి పాజు వదలడం చేయి తిరిగితే గాని రాదు.

రికార్డింగ్ అయ్యాక క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ నాలుకలూ విరిచేయాలి. ఈ ఒక్కటి మరిచిపోయి ఎన్ని క్యాసెట్లు పాడయ్యాయో! జనం మధ్యలో ఎవరో ప్లేతో పాటు రికార్డు బటను కూడా నొక్కేస్తారు, అన్ని గంటల పని తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ రికార్డు చేసుకోవాలంటే ఆ కన్నాల మీద సెల్లో టేపు అతికిస్తే సరి.

సీ-120 కొంటే తిప్పే పని తగ్గుతుందని చాలామంది ఆశపడేవారు. పార్టీకి అంతకంటే చెడ్డది లేదు. సీ-60లో టేపు మందం సుమారు 18 మైక్రాన్లు, సీ-90లో 12, సీ-120లో 9. అంత పల్చటి టేపు సాగుతుంది, మడత పడుతుంది, యంత్రంలో టేపుని నడిపే రబ్బరు చక్రానికి చుట్టుకుంటుంది. టేపు నలిగేముందు యంత్రం ఒక సూచన ఇస్తుంది: గొంతు ఊగుతుంది, లేదా మొద్దుబారుతుంది. అది వినగానే ఆపేవాళ్ళు టేపు దక్కించుకునేవారు. ఆపి, మూత మెల్లగా తెరిచి, లాగకుండా వేలితో విడదీసి, ఆరు పలకల పెన్సిలుతో చుట్టాలి. చాలాసార్లు తప్పు టేపుది కాదు, జిగురు పట్టిన రబ్బరు చక్రానిది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో టేపు మీది పాటని చదివే హెడ్డు, దాని పక్కన తిరిగే సన్నని ఇనుప కడ్డీ, ఆ చక్రం తుడిచి, తడి ఆరాక వేస్తే సగం గొడవలు పోతాయి.

తెగిపోతే అతకడానికీ ఒక పద్ధతి ఉంది. రెండు చివర్లనీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఏటవాలుగా ఒకే కోత కోసి, అవి ఒకదాని మీదికి ఒకటి ఎక్కకుండా ఆనించి, పూత లేని వైపు మాత్రమే స్ప్లైసింగ్ టేపు, అంటే ఈ పనికే అమ్మే జిగురు పట్టీ వేయాలి. ఇక్కడ సెల్లో టేపు వాడకూడదు. దాని జిగురు పక్కలకి కారి, కింది చుట్టుకి అంటుకుని, చివరికి హెడ్డు మీదికి చేరుతుంది. ఇంట్లో ఏళ్ళ తరబడి దాచిన క్యాసెట్టు ఉంటే నేరుగా ప్లే నొక్కకండి. ముందు ఒకసారి చివరిదాకా చుట్టి, మళ్ళీ వెనక్కి చుట్టండి. టేపు వెనక చిన్న ఉన్ని దిండు ఊడిపోయి ఉంటే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టు వినిపిస్తుంది. దానికి టేపుని తప్పు పట్టకూడదు.

రికార్డు ప్లేయరు గురించి ఒక్క మాట. డాన్సు చేసేవాళ్ళ అదురుకి ముల్లు గంతులేస్తుంటే పైన నాణెం పెట్టేవారు. గాడికి అది నేరుగా హాని. ముల్లు బిగించి ఉండే కార్ట్రిడ్జ్‌లలో చాలావాటికి ఒకటిన్నర నుంచి మూడు గ్రాముల బరువు సరిపోతుంది. ప్లేయరుని గోడకి కొట్టిన అర మీదికి మార్చడం, స్పీకర్లని ఆ అర మీద పెట్టకపోవడం, అసలు మందు అది.

ఇక స్లైడ్ షో, అంటే చిన్న ఫ్రేముల్లో బిగించిన ఫిల్ము ఫొటోల్ని ప్రొజెక్టరుతో తెర మీద చూపించడం. "విసుగు పుట్టించేవారు" అని దీన్ని చులకన చేస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. విసుగు పుట్టించింది ప్రొజెక్టరు కాదు, ఏరుకోకపోవడం. కొడాక్ కంపెనీ క్యారౌసెల్ ప్రొజెక్టరు 1961లో వచ్చింది. దాని గుండ్రటి ట్రేలో మామూలుగా 80 స్లైడ్లు పడతాయి. ఒక్కోటి ఇరవై సెకన్లు ఉంచినా అరగంట లోపు. ట్రే నిండాలన్న పట్టుదల లేకుండా నలభై ఏరుకుని వేసిన ఇంట్లో, జనం ఇంకోసారి చూపించమనేవారు.

స్లైడుని తెర వైపు తిరిగి, సరిగ్గా కనిపించేలా పట్టుకుని, తలకిందులు చేసి ట్రేలో వేయాలి. అప్పుడు కుడి చేతి పై మూలకి ఒక చుక్క పెట్టుకుంటే, చుక్కలన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చీకట్లో కూడా టార్చి వేసి చూసుకోవచ్చు. అట్ట ఫ్రేములోని ఫిల్ము దీపం వేడికి ఉబ్బి, వేసిన కొన్ని సెకన్లకి బొమ్మ మసకబారుతుంది. ఫోకస్ మళ్ళీ సర్దాలి, యంత్రం చెడిపోయిందని కంగారు పడనక్కర్లేదు. హాలోజన్ బల్బుని ఒట్టి వేళ్ళతో పట్టుకుంటే చర్మం మీది జిడ్డు అంటి, ఆ చోట వేడెక్కి త్వరగా పోతుంది. తెరకి పల్చటి దుప్పటి కడితే సగం వెలుగు అందులోంచి అవతలికి పోతుంది. మెరుపు లేని తెల్ల గోడ దానికంటే చాలా నయం.

చివరి స్లైడు తర్వాత గూడు ఖాళీగా వదిలేస్తే, చాలా ప్రొజెక్టర్లలో తెల్లటి వెలుగు ఒక్కసారిగా కళ్ళలో కొడుతుంది. తెలిసినవాళ్ళు ఆ గూట్లో స్లైడంత నల్ల అట్టముక్క పెట్టేవారు. తెర నల్లబడుతుంది, ఎవరో మూలనున్న చిన్న దీపం వేస్తారు, మాటలు మొదలవుతాయి. ప్రొజెక్టరు బల్బు ఆర్పినా ఫ్యాను మాత్రం కాసేపు తిరుగుతూనే ఉండాలి. బల్బు చల్లబడేదాకా యంత్రాన్ని కదపకూడదు.